మూడునాళ్ల ముచ్చటగా మిగిలే నీలం

ఈమధ్య ముదురు నీలం ఓఎల్‌ఈడీ (ఫోన్, టీవీ తెరల్లో కరెంటు పారితే వెలిగే సేంద్రియ పొరల పరికరం) అణువు మీద వచ్చిన ఒక పరిశోధన పత్రం చదివాను. అణువు బొమ్మ చూడముచ్చటగా ఉంది. నడుమ బోరాన్, పక్కన నైట్రోజన్లు, చుట్టూ అల్లుకున్న బెంజీన్ వలయాలు, అంచుల్లో టెర్ట్-బ్యూటైల్ కుచ్చులు. వర్ణపటంలో శిఖరం నిటారుగా, సన్నగా ఉంది. సామర్థ్యం బ్రహ్మాండం. మరి పరికరం ఎంతసేపు వెలిగింది? ప్రధాన పత్రంలో ఆ ఊసే లేదు. అనుబంధ ఫైలు అడుగున ఒక చిన్న గ్రాఫ్ దొరికింది. తీరా చూస్తే సామర్థ్యం కొలిచిన పరికరం ఒకటి, మన్నిక కొలిచిన పరికరం మరొకటి. మొదటిదాంట్లో హోస్ట్ (వెలిగే అణువుల్ని పలచగా కలిపి ఉంచే ఆధార పదార్థం) డీపీఈపీఓ అనే పదార్థం, రెండోదాంట్లో ఇంకేదో.

ఈ రంగంలో ఉన్నవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. కరెంటు వల్ల ఉత్తేజితమైన అణువు సింగ్లెట్ అనే స్థితిలో ఉంటే వెంటనే వెలుగుతుంది, ట్రిప్లెట్ అనే స్థితిలో ఉంటే చాలాసేపు అలాగే నిలుస్తుంది. డీపీఈపీఓ ట్రిప్లెట్ శక్తి 3 ఎలక్ట్రాన్ వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి నీలం అణువులోని శక్తి హోస్ట్‌లోకి కారిపోదు, సామర్థ్యం అంకె ఘనంగా వస్తుంది. కానీ కరెంటు పారుతుంటే అందులోని ఫాస్ఫరస్-కార్బన్ బంధం నిలవదు. అందుకే పేరుకి ఒక హోస్ట్, మన్నికకి ఇంకో హోస్ట్. అబద్ధం ఎవరూ చెప్పడం లేదు, అన్నీ రాసే ఉన్నాయి. రెండు అంకెలూ ఒకే పరికరానివని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల ఖర్మ, అంతే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నీలం అణువుల్లో రంగు సమస్య చాలావరకు తీరిపోయింది. సామర్థ్యం సమస్య కూడా తీరినట్టే. తీరనిది మన్నిక. అలాంటప్పుడు కొత్త అణువు గీయడానికి కూర్చున్నవాళ్లు మొదట చూడాల్సింది ట్రిప్లెట్ అందులో ఎంతసేపు తిష్ఠ వేస్తుంది, ఆలోగా ఏ బంధం తెగుతుంది అన్నది. రంగు ఆ తర్వాత సర్దుకోవచ్చు. ఇప్పటికీ మన పని తీరు దీనికి తలకిందులుగానే నడుస్తోంది.

2.7 ఎలక్ట్రాన్ వోల్టులు

లెక్క చిన్నదే. 1240ని నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఫోటాన్ శక్తి వస్తుంది. 620 దగ్గర ఎరుపుకి 2 ఎలక్ట్రాన్ వోల్టులు, 530 దగ్గర ఆకుపచ్చకి 2.3, 460 దగ్గర నీలానికి 2.7. పాఠ్యపుస్తకాల పట్టికల్లో కార్బన్-నైట్రోజన్ ఏక బంధం తెగడానికి సగటున 3.2 కావాలని ఉంటుంది. బెంజీన్ వలయానికి అతుక్కున్న బంధాలైతే ఇంకా గట్టివి. ఆ లెక్కన నీలానికి భయమేమీ ఉండకూడదు.

కానీ పరికరంలో అణువు తటస్థంగా, ఒంటరిగా కూర్చుని ఉండదు. అదనంగా ఒక ఎలక్ట్రాన్ చేరి రుణ అయాన్‌గా మారినప్పుడు అదే కార్బన్-నైట్రోజన్ బంధం బాగా డీలా పడుతుంది. దీనికితోడు రెండు ట్రిప్లెట్లు ఎదురుపడితే ఒకదాని శక్తి రెండోదాని మీద పడి మొత్తం 5 ఎలక్ట్రాన్ వోల్టులు దాటుతుంది. ఆవేశం మోస్తున్న అణువుకి ట్రిప్లెట్ తగిలినా అంతే ప్రమాదం. అంత శక్తి ఒక్కసారి మీదపడితే తట్టుకునే బంధాలు సేంద్రియ అణువుల్లో చాలా తక్కువ. ఎరుపులో ఇదే ఢీ జరిగినా లెక్క 4 దగ్గర ఆగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ ఫాస్ఫరసెంట్ (ట్రిప్లెట్ నుంచే నేరుగా వెలిగే) అణువులు ఎప్పుడో ఫోన్లలోకి వచ్చేసినా, నీలం మాత్రం ఏళ్ల తరబడి ఫ్లోరసెంట్ (సింగ్లెట్ నుంచే వెలిగే) అణువుల దగ్గరే ఉండిపోవడానికి పెద్ద కారణం ఇదే.

ఈ ఢీలే పరికరం వెలుగుని తినేస్తున్నాయని అమెరికాలో ఓఎల్‌ఈడీల మీద పనిచేసే స్టీఫెన్ ఫారెస్ట్ బృందం 2008లోనే రాసింది. 2014లో అదే బృందం వెలిగే పొరలో డోపెంట్ (హోస్ట్‌లో కలిపే వెలిగే అణువు) మోతాదుని ఒక అంచు నుంచి ఇంకో అంచుకి క్రమంగా మార్చి, ఎక్సైటాన్లు (అణువుల్లోని ఉత్తేజిత స్థితులు) ఒకేచోట పోగుపడకుండా చేసి, నీలం ఫాస్ఫరసెంట్ పరికరం మన్నికని పదింతలు పెంచింది. అక్కడ అణువుని మార్చలేదు, రద్దీ తగ్గించారు.

రద్దీకి ఇంకో మందు కూడా ఉంది, అది రసాయన శాస్త్రం వాళ్ల చేతిలోనే ఉంది. ట్రిప్లెట్ల సాంద్రత అవి నిలిచే కాలంతో పాటు పెరుగుతుంది. రెండు ట్రిప్లెట్ల ఢీ ఆ సాంద్రత వర్గం మీద ఆధారపడుతుంది. ఢీలు మరీ మితిమీరనంతవరకు, నిలిచే కాలాన్ని సగం చేస్తే ఢీలు నాలుగో వంతుకి పడిపోతాయి. ఇంత లాభసాటి బేరం అణువు డిజైన్లో ఇంకోటి నాకు కనిపించలేదు.

న్యూ-డాబ్నాలో మనం చూసినదీ, వదిలేసినదీ

2016లో జపాన్‌లో హతకేయమా బృందం డాబ్నా అనే బోరాన్-నైట్రోజన్ నీలం అణువుని తెచ్చినప్పుడు అందరినీ ఆకట్టుకున్నది వర్ణపటం వెడల్పు. అప్పటిదాకా ఎలక్ట్రాన్ దాత ఒకవైపు, గ్రహీత ఒకవైపు పెట్టిన టీఏడీఎఫ్ (ట్రిప్లెట్‌ని వేడి సాయంతో మళ్లీ సింగ్లెట్‌గా మార్చి వెలిగే) అణువుల వెలుగు 70 నుంచి 100 నానోమీటర్ల దాకా పరుచుకునేది. డాబ్నాది 28. బోరాన్, నైట్రోజన్ ప్రభావం అణువులో ఒక పరమాణువు విడిచి ఒక పరమాణువు మీద పడి ఎలక్ట్రాన్ మేఘం అక్కడికక్కడే సర్దుకుంటుంది కాబట్టి అణువు ఆకారం పెద్దగా కదలదు. 2019లో న్యూ-డాబ్నా వచ్చింది. శిఖరం 469 నానోమీటర్ల దగ్గర, వెడల్పు 18, బయటి క్వాంటం సామర్థ్యం (లోపలికి పంపిన ఎలక్ట్రాన్లలో ఎన్నింటికి బయటికి ఫోటాన్ వచ్చిందన్న లెక్క) 34.4 శాతం. ఇక చూసుకోండి, ఆ 18ని ఇంకో రెండు తగ్గించడానికి వలయం మీద వలయం కడుతూ ఎన్ని పత్రాలు వచ్చాయో.

అదే పత్రంలో ఇంకో అంకె ఉంది. ఆలస్యంగా వచ్చే వెలుగు నిలిచే కాలం 4.1 మైక్రోసెకన్లు. మొదటి డాబ్నాలో అది పదుల మైక్రోసెకన్లు. సింగ్లెట్, ట్రిప్లెట్ల మధ్య తేడా దాదాపు 0.2 నుంచి 0.017 ఎలక్ట్రాన్ వోల్టులకి దిగడం వల్ల వచ్చిన లాభం అది. రెండు బోరాన్లతో చట్రాన్ని పొడిగించడంలోని అసలు ఘనత నాకు అక్కడ కనిపిస్తుంది. తర్వాత వచ్చిన అణువుల్లో వెడల్పు తగ్గించినవి బోలెడు. ఈ కాలాన్ని ఒక మైక్రోసెకను కిందికి తెస్తూ, బంధాలనీ గట్టిగా ఉంచినవి చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

తేవాలని చూడనివాళ్లు లేరని కాదు. సల్ఫర్, సెలీనియం లాంటి బరువైన పరమాణువులు చట్రంలో కలిపితే ట్రిప్లెట్ నుంచి సింగ్లెట్‌కి వెనక్కి మారే వేగం బాగా పెరుగుతుంది. కానీ కార్బన్-సెలీనియం బంధం కార్బన్-నైట్రోజన్ కంటే బలహీనం. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. ఆకుపచ్చలో అయితే ఎలాగో నెట్టుకు రావచ్చు. నీలంలో ఆ బంధాన్ని నమ్మడానికి నాకు ధైర్యం చాలదు.

ఎక్సెల్ షీట్లో లేని కాలమ్

కొన్నాళ్ల కిందట మా ల్యాబులో ఒక కుర్రాడు బోర్డు మీద అణువు గీసి చూపించాడు. డైఫినైల్ సల్ఫోన్ గ్రహీత, రెండు పక్కలా దాతలు.

“సార్, లెక్కలో 455 వచ్చింది. గ్యాప్ కూడా చాలా చిన్నది,” అన్నాడు.

“అయాన్ స్థితిలో కార్బన్-సల్ఫర్ బంధం ఎంత వస్తోంది?” అని అడిగాను.

“అది చూడలేదు సార్. షీట్లో ఆ కాలమ్ లేదు.”

నిజమే, లేదు. షీట్లో సింగ్లెట్ ఉంది, ట్రిప్లెట్ ఉంది, తేడా ఉంది, ఆసిలేటర్ స్ట్రెంగ్త్ ఉంది, తరంగదైర్ఘ్యం ఉంది. సాయంత్రానికల్లా బంధం లెక్క కూడా చేసి తెచ్చాడు. ఫోటాన్ శక్తి కంటే బంధం శక్తి కిందే ఉంది. అణువుని కొట్టేయడానికి అతనికి మనసొప్పలేదు, రంగు అంత బాగుంది మరి. సరే చెయ్యమన్నాను. రంగు లెక్కలో వచ్చినట్టే వచ్చింది. పరికరాన్ని టెస్టర్ మీద పెట్టి ఫోన్ మాట్లాడి వచ్చేలోగా ఫోటోడయోడ్ గీత సగానికి జారిపోయింది. స్థిరమైన కరెంటు ఇస్తున్నా వోల్టేజి మెల్లగా పైకి పాకుతోంది. లోపల తెగిన ముక్కలు ఆవేశాల్ని పట్టి ఉంచుతున్నాయనడానికి సాధారణంగా కనిపించే గుర్తు అది.

ఆ కాలమ్ పెట్టడం పెద్ద పనేమీ కాదు. బంధాన్ని తెంపి రెండు ముక్కల శక్తినీ, మొత్తం అణువు శక్తినీ పోల్చడమే. మామూలు డీఎఫ్‌టీ (అణువు శక్తిని లెక్కించే కంప్యూటర్ పద్ధతి) చాలు. విచిత్రం ఏమిటంటే, మనం గంటల తరబడి కంప్యూటర్లు తిప్పే సింగ్లెట్-ట్రిప్లెట్ తేడా మాత్రం ఈ బోరాన్ అణువుల విషయంలో మామూలు టీడీ-డీఎఫ్‌టీకి (ఉత్తేజిత స్థితుల్ని లెక్కించే దాని రూపానికి) సరిగా అందదు. ఒకేసారి రెండు ఎలక్ట్రాన్లు ఎగిరే పరిస్థితి దాని లెక్కలోకి రాదు కాబట్టి తేడాని ఎక్కువ చేసి చూపిస్తుంది. దానికి ఇంకా ఖరీదైన పద్ధతులు కావాలి. సులువుగా దొరికే బంధం లెక్కని వదిలేసి, తప్పొచ్చే లెక్క మీద అణువుల్ని వడపోస్తున్నాం.

వడపోత అంటే గుర్తొచ్చింది. 2016లో ఆస్పురు-గుజిక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి బృందం, ఇంకొందరూ కలిసి 16 లక్షల అణువుల జాబితాని కంప్యూటర్‌తో జల్లెడ పట్టారు. చివర్లో ఏది చేయదగ్గదో రసాయన శాస్త్రజ్ఞులు ఓట్లు వేసి తేల్చారు. అందులోంచి తయారు చేసిన వాటిలో 22 శాతం దాకా సామర్థ్యం వచ్చింది. అప్పటికి అది గొప్ప పని, నాకు చాలా ఇష్టమైన పత్రం కూడా. కానీ ఆ జల్లెడకి రంధ్రాలు వేసింది రంగు, వెలిగే వేగం లాంటి వాటితోనే. ఇప్పుడు మెషీన్ లెర్నింగ్‌తో అంతకు పదింతలు జల్లిస్తున్నామని చెప్పుకుంటున్న చోట కూడా బంధం శక్తి ఎక్కడో చివర, ఉంటే ఉంటుంది లేకపోతే లేదు.

నా వాదనకి ఎదురయ్యే మాటలు

మొదటిది, అందరూ అనేదే. మన్నిక అణువుది కాదు, పరికరానిది. నిజం. అణువు ముక్కల్ని అతికించే కప్లింగ్ చర్యలో మిగిలిన బ్రోమిన్, క్లోరిన్ ఆనవాళ్లు మిలియన్‌లో కొన్ని భాగాలున్నా చాలు, పరికరం ఆయుష్షు తగ్గిపోతుంది. ఒకే అణువుని ఒకసారి సబ్లిమేషన్ (ఆవిరి చేసి శుద్ధి చేయడం) చేసినదానికీ, మళ్లీ మళ్లీ చేసినదానికీ మన్నికలో పోలికే ఉండదు. సబ్లిమేషన్ గొట్టంలో ఒకచోట లేత పసుపు పొడి, కాస్త అవతల గోధుమరంగు మరక కనిపిస్తుంటుంది. ఆ మరక ఎంతవరకు గీకి పక్కన పెట్టారన్న దాని మీద కూడా ఫలితం తేలుతుంది. సీలు సరిగా లేకపోతే తేమ చేరి నల్లచుక్కలు వస్తాయి. మైక్రోస్కోపు కింద నల్లచుక్కలు కనిపిస్తే తప్పు సీలుది. పిక్సెల్ అంతా సమానంగా మసకబారితే అప్పుడు అణువుల్ని అనుమానించాలి, అప్పుడైనా దోషి ఎమిటరో (వెలిగే అణువు) హోస్టో పక్క పొరో వెంటనే తేలదు.

ఇదంతా ఒప్పుకుంటాను. కానీ దీన్నిబట్టి మన్నిక కొలవొద్దని ఎలా తేలుతుంది? అందరికీ తెలిసిన ఒక పాత ఎమిటర్‌ని అదే రోజు, అదే ఛాంబర్‌లో, అవే పొరలతో చేసి పక్కన పెడితే సరిపోతుంది. గంటలు ఎన్నో నాకు అక్కర్లేదు, పాతదానితో పోలిస్తే ఎంత అన్నది చాలు. సామర్థ్యం కూడా పొరల్ని బట్టి మారేదే కదా. మరి దాన్ని పత్రం పేరులోనే ఎక్కిస్తున్నాంగా!

రెండో అభ్యంతరం కాస్త ఇబ్బంది పెడుతుంది. మన్నికే మొదటి షరతు అని 2016లో పట్టుబట్టి ఉంటే డాబ్నా వెలుగు చూసేదా? అందులో ట్రిప్లెట్ ఎక్కువసేపే ఉండేది. వెలుగు పెంచగానే సామర్థ్యం జారిపోయేది. షరతు పెట్టి తోసేసి ఉంటే న్యూ-డాబ్నా లేదు. అందుకే ఇది పత్రిక గుమ్మం దగ్గర పెట్టే షరతు కావాలని నేను అనడం లేదు. ఇప్పటికే తెలిసిన చట్రానికి కొత్త కుచ్చు తగిలించి, రంగు ఒక మెట్టు ముదిరిందని చెప్పే పనికి మాత్రం ఈ ప్రశ్న తప్పకుండా వేయాలి.

మూడోది నా వాదనలోనే మార్పు తెచ్చింది. ఆంత్రసీన్. ఫోన్లలో, టీవీల్లో నీలం ఇన్నాళ్లుగా నడుస్తున్నది ఆంత్రసీన్ హోస్ట్‌ల మీద. దాంట్లో ట్రిప్లెట్ చాలాసేపు ఉంటుంది, మైక్రోసెకన్ల లెక్క కానే కాదు. నా సిద్ధాంతం ప్రకారం అది ఎప్పుడో కాలిపోవాలి. కాలదు. ఎందుకంటే ఆంత్రసీన్ ట్రిప్లెట్ శక్తి సుమారు 1.8 ఎలక్ట్రాన్ వోల్టులే. రెండు కలిసినా 3.6. ఆ శక్తి కూడా బంధాన్ని తెంపే బదులు పనికొచ్చే సింగ్లెట్‌గా మారి వెలుగునిస్తుంది. అలా వచ్చే సామర్థ్యానికి పైకప్పు ఉంది, సాధారణంగా చెప్పే లెక్కలో లోపలి సామర్థ్యం 62.5 శాతం దాటదు. వందకి వంద ఇచ్చే అణువులు ఉండగా పరిశ్రమ ఈ 62.5తో కాపురం చేస్తోందంటే దేనికి విలువ ఇస్తోందో తెలుస్తూనే ఉంది. కాబట్టి ట్రిప్లెట్ ఎంతసేపు ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఎంత ఎత్తున ఉందన్నదీ కలిపి చూడాలి. ఎత్తున ఉంటే వెంటనే దిగిపోవాలి, తీరిగ్గా ఉండాలంటే కింద ఉండాలి. ఎత్తున కూర్చుని దిగకపోతేనే కొంప మునుగుతుంది. టీఏడీఎఫ్ నీలాలు చాలావరకు చేస్తున్నది అదే.

2025లో ఎల్‌జీ డిస్‌ప్లే ప్రకటించిన అమరిక కూడా ఈ రాజీనే చూపిస్తుంది. రెండంతస్తుల పరికరంలో కింద ఫ్లోరసెంట్ నీలం, పైన ఫాస్ఫరసెంట్ నీలం. విద్యుత్తు సుమారు 15 శాతం ఆదా అవుతుందని చెప్పారు. పూర్తి ఫాస్ఫరసెంట్ నీలం కోసం పరిశ్రమ ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తూ, చివరికి సగం మెట్టు మీద కాలు పెట్టింది.

అసలు అంత ముదురు కావాలా?

ఈ ప్రశ్న అడిగితే రంగు శాస్త్రం వాళ్లు ఒంటికాలి మీద లేస్తారు. అల్ట్రా హెచ్‌డీ టీవీ రంగుల కోసం పెట్టిన బీటీ.2020 ప్రమాణం నీలానికి పెట్టిన గురి 467 నానోమీటర్ల ఏకవర్ణ కాంతి, సీఐఈ వై విలువ (రంగుల పటంలో స్థానం చెప్పే అంకె, నీలంలో అది తగ్గేకొద్దీ ముదురు) 0.046. పాత హెచ్‌డీ ప్రమాణంలో అది 0.06. న్యూ-డాబ్నా తొలి పరికరంలో 0.11. ఈ 0.11 నుంచి 0.046కి దిగడానికే సగం పత్రాలు.

కన్ను నీలాన్ని సరిగా చూడదు. 555 దగ్గర దాని స్పందనని 1 అనుకుంటే 470 దగ్గర 0.09, 460 దగ్గర 0.06. పది నానోమీటర్లు ముదిరితే అవే ఫోటాన్లు మూడో వంతు తక్కువ వెలుగుగా కనిపిస్తాయి. అంత వెలుగు మళ్లీ రావాలంటే ఒకటిన్నర రెట్లు కరెంటు. కరెంటు పెరిగితే ట్రిప్లెట్ల రద్దీ, ఆ తర్వాత కథ తెలిసిందే. ఇంతవరకు చూస్తే ముదురు నీలం అనవసరపు గొప్పలాగే ఉంటుంది, నేను కూడా చాలాకాలం అలాగే వాదించాను.

లెక్కలో రెండో వైపు ఉంది. తెల్లరంగు కలపడానికి ముదురు నీలం వెలుగు తక్కువే కావాలి. హెచ్‌డీ ప్రమాణంలో తెలుపులో నీలం వాటా 7.2 శాతం, బీటీ.2020లో 5.9. ఆకాశనీలంతో తెలుపు కలపాలంటే వాటా ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే పరిశ్రమలో ఉత్త క్యాండెలా (కంటికి కనిపించే వెలుగు కొలమానం) లెక్క చూడరు, దాన్ని వై విలువతో భాగించి బ్లూ ఇండెక్స్ అని చూస్తారు. ముదురుకి ఈ విధంగా కొంత న్యాయం జరుగుతుంది. కానీ ఈ లాభం తిన్నగా 0.046 దాకా సాగదు. ఫోన్ స్క్రీన్‌లో పై ఎలక్ట్రోడ్, కింద అద్దం మధ్య ఏర్పడే మైక్రోకేవిటీ వర్ణపటం తోకని ఎలాగూ కత్తిరిస్తుంది. వెలుగు శిఖరం సరైనచోట ఉండి, తోక మరీ పొడుగు లేకపోతే మిగిలిన పని అదే చేసుకుంటుంది. కింది వైపు వెలిగే ల్యాబ్ పరికరంలో వై విలువలో మూడో దశాంశం కోసం పోట్లాడటం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

హైడ్రోజన్ బదులు డ్యూటీరియం, అణువు బదులు పొర

అణువు చట్రం ముట్టుకోకుండా మన్నిక పెంచే దారులూ ఉన్నాయి. హైడ్రోజన్ల చోట డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) పెడితే బంధం కిందిస్థాయి శక్తి 0.05 ఎలక్ట్రాన్ వోల్టుల మేర దిగుతుంది. పెద్ద మార్పేమీ కాదు, రంగు దాదాపు మారదు, కానీ ఆ బంధం తెగే వేగం బాగా తగ్గుతుంది. 2021 చివర్లో ప్రకటించిన ఒక టీవీ ప్యానెల్ తరం ఈ డ్యూటీరియం మీదే నడిచింది. కొత్త అణువు అనిపించుకోదు కాబట్టి విశ్వవిద్యాలయాల్లో దీనికి పెద్ద గిరాకీ లేదు.

ఇంకోటి సెన్సిటైజర్ దారి. వెనక్కి మారే వేగం ఎక్కువున్న అణువో ఫాస్ఫరసెంట్ అణువో ఎక్సైటాన్లని పోగుచేసి, 1 శాతం కలిపిన సన్న వర్ణపటపు అణువుకి అందిస్తుంది. చివరి అణువులో అప్పుడు ట్రిప్లెట్ కూర్చోకూడదు. అందుకని దాని చుట్టూ లావుపాటి టెర్‌ఫినైల్ గుంపులు కడతారు. డెక్స్టర్ పద్ధతిలో ట్రిప్లెట్ దూకాలంటే అణువులు నానోమీటరు దూరంలోకి రావాలి, ఫోర్స్టర్ పద్ధతిలో సింగ్లెట్‌కి అంతకు ఎన్నో రెట్ల దూరమైనా సమస్య లేదు. ఈ కవచం డిజైన్ నాకు నచ్చుతుంది, ఎందుకంటే అక్కడ గీసేవాళ్లు రంగుని ముట్టుకోకుండా ట్రిప్లెట్ గురించి మాత్రమే ఆలోచిస్తున్నారు.

నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేసేది మాత్రం పర్సెల్ ప్రభావం. వెలిగే పొరకి దగ్గరలో లోహపు పొరని జాగ్రత్తగా అమర్చితే ఎక్సైటాన్ ఖాళీ అయ్యే వేగమే పెరుగుతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఫారెస్ట్ బృందం నీలం ఫాస్ఫరసెంట్ పరికరాల్లో దీని మీద పనిచేస్తోంది. ట్రిప్లెట్ నిలిచే కాలాన్ని అణువు మార్చకుండా బయటి నుంచే తగ్గించగలిగితే, నేను ఇంతసేపు చెప్పినదంతా పొరలు కట్టేవాళ్ల పని అయిపోతుంది కదా?

ఫాస్ఫరసెంట్ అణువుల వరకు బహుశా అంతే. అక్కడ ట్రిప్లెట్టే నేరుగా వెలుగుతుంది కాబట్టి వెలిగే వేగం పెంచితే చాలు, లోహంలోకి జారిన శక్తిలో కొంత వేడిగా పోయినా మన్నిక గిట్టుబాటు అవుతుంది. టీఏడీఎఫ్ అలా కాదు. అందులో ఆలస్యమంతా ట్రిప్లెట్ నుంచి సింగ్లెట్‌కి వెనక్కి మారడంలో ఉంటుంది, సింగ్లెట్ వెలగడం నానోసెకన్ల పని. నానోసెకన్ల మెట్టుని ఎంత తొందరపెట్టినా, వెనక మైక్రోసెకన్ల మెట్టు దగ్గర క్యూ కదలదు. అది కదలాలంటే ముందు అణువులోనే ఆ రెండు స్థాయిల తేడా, వాటి మధ్య మార్పుని నడిపే స్పిన్-ఆర్బిట్ లంకె సరిచేసి ఉండాలి. ఆ పని బోర్డు మీద గీసేటప్పుడే జరగాలి.